రెండు వందల పన్నెండు గ్రాములు

ఆ వైద్య కళాశాల శవపరీక్షల విభాగంలో గుండెలను శుభ్రం చేసే పని ముప్పై ఒక్క ఏళ్ళుగా ఒకే మనిషి చేతిలో ఉంది. ఆమె అసలు పేరు హాజరుపట్టీలో తప్ప మరెక్కడా వినిపించదు. అటెండర్ల నుంచి ప్రొఫెసర్ల దాకా అందరికీ ఆమె కత్తెరమ్మ.

శుభ్రం చేయడమన్న మాటకు అక్కడ ఒక కచ్చితమైన అర్థం ఉంది. శరీరం నుంచి తీసిన గుండెను కడిగి, దాని మీద పసుప్పచ్చగా అంటిపెట్టుకుని ఉన్న కొవ్వునంతటినీ వంకర కత్తెరతో పొరపొరగా ఒలిచేయాలి. కండకు గాటు పడకూడదు. రక్తనాళాలు తీగల్లా పైకి తేలాలి. ఆ తరువాతే గుండెను త్రాసులో పెట్టాలి. త్రాసులోంచి తీశాకే డాక్టరు ముందు ఉంచాలి. ఈ వరుసను ఏర్పాటు చేసిన పెద్ద ప్రొఫెసరు ఎన్నడో పదవీ విరమణ చేశాడు గానీ, ఆయన మాట మాత్రం ఇంకా ఆ గదిలోనే ఉద్యోగం చేస్తోంది: "కొవ్వు గుండె కాదు. గుండెకు పట్టిన మురికి."

మురికిని వదిలించడంలో కత్తెరమ్మను మించినవారు లేరు. వరండా పొడవునా గాజు సీసాల్లో ఉన్న నలభై గుండెలూ ఆమె చేతి చలవే. కొత్తగా చేరిన విద్యార్థులు ఆ సీసాల ముందు నిలబడి నోళ్ళు తెరుస్తుంటే, ఆమె చీపురు వెతుక్కునే నెపంతో రెండుసార్లు అటూ ఇటూ తిరిగేది. అది గర్వమని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకునేది కాదు.

ఆ సోమవారం ఉదయం ఒక కొత్త డాక్టరు వచ్చి ఆ సీసాల ముందు నిలబడింది. ముప్పై దాటని అమ్మాయి. పరిశోధన నిమిత్తం ఏడాది పాటు ఈ విభాగానికి వచ్చింది. మొదటి సీసా చూసింది. పదో సీసా చూసింది. నలభయ్యో సీసా దాకా వెళ్ళి, మళ్ళీ మొదటిదాని దగ్గరికి వచ్చింది. ఆమె ముఖంలో మెచ్చుకోలు కనిపించలేదు.

"అమ్మా, వీటి మీద కొవ్వేది?"

"కొవ్వా? ఒక్క చుక్క మిగిల్తే నన్నడగండి," అంది కత్తెరమ్మ నవ్వుతూ. "కావాలంటే భూతద్దం తెచ్చుకోండి."

"అది కాదమ్మా. తీసిన కొవ్వు ఎక్కడ పెడతారు?"

"ఎక్కడ పెడతాం, నెత్తిన పెట్టుకుంటామా? పసుపు సంచీలో వేస్తాం. చెత్త గదికి పోతుంది."

"తూచే ముందే తీసేస్తారా?"

"ముందే. తూచాక తీస్తే తూకానికి అర్థమేముంది?"

"ఎన్నేళ్ళుగా?"

"నేను చేరినప్పట్నుంచీ ఇంతే."

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుంది. మళ్ళీ పెట్టుకోవడం మరిచిపోయింది. "నేను వచ్చిందే దానికోసమమ్మా. గుండె మీద కొవ్వు ఎంతుంటే గుండె పని ఎంత చెడుతుందో చూద్దామని. ముప్పై ఏళ్ళ గుండెలున్నాయంటే ఎగిరి గంతేసి వచ్చాను. చూడాల్సిందే పారేశారా?"

కత్తెరమ్మకు మొదట ఒళ్ళు మండింది. ఊరు పేరు లేని కుర్రపిల్ల వచ్చి ముప్పై ఏళ్ళ పనిని చెత్తబుట్టతో ముడిపెడుతోంది. "కొవ్వుతో గుండెకేం పనమ్మా? పైన పట్టేదేగా?"

డాక్టరమ్మ మంచిదే, విసుక్కోలేదు. సీసా మీద వేలు పెట్టి చెప్పింది. "కొంచెం అందరికీ ఉంటుంది. ఉండాలి కూడా. దిండులా కాచుకుంటుంది, అవసరమైతే గుండెకి తిండి కూడా పెడుతుంది. మోతాదు మించితేనే చిక్కు. ఒంట్లో మిగతా చోట్ల కొవ్వుకీ కండకీ మధ్య ఓ పొర అడ్డం ఉంటుంది. ఇక్కడ లేదు. రెండింటికీ ఒకే రక్తం. ఆ కొవ్వు చెడితే, దాన్లో పుట్టే చెడంతా తిన్నగా కండలోకి దిగుతుంది. కండ బిరుసెక్కుతుంది."

"బిరుసెక్కితే గట్టిగా కొట్టుకుంటుందిగా?"

"కొట్టుకుంటుంది. సడలదు. గుండెకి రెండు పనులమ్మా, పిండడం ఒకటి, సడలడం ఒకటి. సడలితేనే రక్తం నిండేది. కూర్చున్నప్పుడు ఎలాగో నెట్టుకొస్తుంది. మెట్లెక్కేటప్పుడు గబగబా నిండాలా, నిండలేదు. ఆ ఒత్తిడి వెనక్కి తన్ని ఊపిరితిత్తుల మీద పడుతుంది. మనిషికి ఆయాసం. పరీక్ష చేస్తే రక్తాన్ని పిండే శాతం మాత్రం అరవై, అంటే మామూలే. 'నీకేం లేదు పొమ్మా' అంటారు."

కత్తెరమ్మ చేతిలోని తడిగుడ్డ నుంచి నీళ్ళు చుక్కచుక్కగా కారుతున్నాయి. ఆమె ఆ విషయం గమనించలేదు.

"లావుగా ఉన్నవాళ్ళకేగా ఇది?" అంది.

"ఎక్కువగా వాళ్ళకే. కానీ సన్నగా ఉన్నవాళ్ళలో కూడా చూశాం. పైకి కనిపించేదాన్నిబట్టి లోపలిది చెప్పలేం. నెలసరి ఆగే వయసులో ఆడవాళ్ళకి ఇంకాస్త పెరుగుతుంది. ఏమైందమ్మా? కూర్చోండి. కూర్చోండి ముందు!"

కత్తెరమ్మ స్టూలు మీద కూర్చుందో, స్టూలే వచ్చి ఆమె కిందికి చేరిందో, తరువాత ఎంత ఆలోచించినా ఆమెకు జ్ఞాపకం రాలేదు.

*

ఆమె చెల్లెలు పోయి పదకొండేళ్ళయింది. పోయేనాటికి నలభై ఏడు. చిన్నప్పటి నుంచీ ఇంట్లో ఆమెను పుల్ల అనేవారు; గాలి వస్తే పట్టుకోవాలి అని వేళాకోళం చేసేవారు. అటువంటి పుల్లకు చివరి నాలుగేళ్ళూ ఆయాసం. రెండు బకెట్ల నీళ్ళు మోస్తే గోడకు ఆనుకునేది. ముగ్గురు డాక్టర్లు చూశారు. ముగ్గురూ ఆమె ఒంటివైపు ఒకసారి, పిండే శాతం వేసిన కాగితం వైపు ఒకసారి చూసి, ఆలోచనలు తగ్గించుకోమని చెప్పి పంపారు. ఆలోచించడం తప్ప మరే వ్యసనమూ లేని మనిషికి అదొక్కటీ మానమన్నారు.

పుల్ల భర్త బడిలో వ్యాయామం నేర్పే మాస్టారు. పిల్లలు పెట్టిన పేరు ఈల మాస్టారు. మెడలో ఈల లేకుండా ఆయనను చూసినవారు లేరు. దుర్మార్గుడు కాదు. దుర్మార్గుడైతే ఈ కథ సులువుగా ఉండేది. మనిషి ఒంట్లో వచ్చే ప్రతి బాధకూ కదలకపోవడమే మూలమని మనస్ఫూర్తిగా నమ్మినవాడు. భార్యకు ఆయనే వైద్యం నిర్ణయించాడు: తాముండే భవనానికి మూడంతస్తులు, ఎనభై నాలుగు మెట్లు, రోజూ ఉదయం నాలుగుసార్లు ఎక్కి దిగాలి. కింద నిలబడి ఈల వేసేవాడు. ఒకనాటి ఉదయం మూడోసారి ఈల వేసినప్పుడు ఆమె రెండో అంతస్తు మలుపులో కూర్చుంది. మళ్ళీ లేవలేదు.

ఎందుకు పోయిందో తెలియాలని పట్టుబట్టింది కత్తెరమ్మే. మరిదిని ఒప్పించి శరీరాన్ని తమ విభాగానికి తెప్పించింది. ఆ రోజు సెలవు. ఆ ఒక్క పరీక్ష కోసమే గది తెరిచారు. గుండెను బయటికి తీశాక, "నా చెల్లెలి మీద పరాయి కత్తెర పడటానికి వీల్లేదు" అని అడిగి మరీ తీసుకుంది. మామూలుగా పావుగంట పట్టే పనికి ఆ రోజు ఆమెకు ముప్పావుగంట పట్టింది. కళ్ళనిండా నీళ్ళు, ఏదీ కనిపించక ఆలస్యమవుతోందనుకుంది.

పదకొండేళ్ళుగా అలాగే అనుకుంది.

శుభ్రమైన గుండె త్రాసెక్కింది. రెండు వందల నలభై ఎనిమిది గ్రాములు. గదులు, కవాటాలు, రక్తనాళాలు మామూలుగా ఉన్నాయనీ, గుండె నార్మల్ అనీ, మరణానికి కారణం నిర్ధారణ కాలేదనీ డాక్టరు రాశాడు. ఈల మాస్టారు ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఆటల పోటీల సర్టిఫికెట్ల పక్కనే బీరువాలో భద్రపరిచాడు. "చెప్పానా వదినా? గుండెకేం లేదు. అంతా మనసులోనే," అన్నాడు. ఏడుస్తూనే అన్నాడు. ఆ రోజు ఆమె తలూపింది.

ఆ తలూపడం ఇప్పుడు, ఈ స్టూలు మీద, ఆమె మెడను పట్టుకుంది. ఎందుకంటే నిన్న ఆదివారం ఆమె మళ్ళీ తలూపి వచ్చింది.

చెల్లెలి కూతురికి ముప్పై ఆరేళ్ళు. చిన్న తరగతులకు పాఠాలు చెబుతుంది. తండ్రి దగ్గరే ఉంటుంది. ఏడాదిగా గట్టిగా చదివి వినిపిస్తుంటే వాక్యం మధ్యలో ఊపిరి అందడం లేదు. "పెద్దమ్మా, కామా లేని చోట ఆగుతున్నాను. పిల్లలు నవ్వుతున్నారు," అని చెప్పింది. చూసిన డాక్టరు గుండెకు అయస్కాంత యంత్రంలో స్కాను తీయించమని చీటీ రాసి, గురువారానికి సమయం కూడా ఇప్పించాడు. ఈల మాస్టారు బీరువా తెరిచి ప్లాస్టిక్ కవరు బయటికి తీశాడు. "మీ అమ్మకీ ఇలాగే మొత్తం చూశారు. ఏం తేలింది? సున్నా. మీ ఇంటి ఆడవాళ్ళకి మెట్లు కనపడితే చాలు, ఊపిరి దానంతటదే సెలవు పెడుతుంది," అన్నాడు. అప్పుడు ఆ పిల్ల కత్తెరమ్మ వైపు తిరిగి అడిగింది: "నువ్వు చూశావుగా పెద్దమ్మా. అమ్మ గుండె నిజంగా బాగుందా?"

"నా చేతుల్తో చూశానే తల్లీ," అంది కత్తెరమ్మ. "అద్దంలా ఉంది."

ఆ పిల్ల చీటీని రెండుగా మడిచి పప్పుల డబ్బా కింద పెట్టింది. మంగళవారం ఉదయం ఆరున్నరకు మెట్లు మొదలని తండ్రి ప్రకటించాడు. అంటే రేపు.

*

చెత్త గది భవనం వెనక ఉంది. దాన్ని చూసుకునే ముసలాయనను అందరూ తూకం తాత అంటారు. విభాగాల నుంచి వచ్చే ప్రతి పసుపు సంచీనీ తూచి, తేదీ, విభాగం, అందులో ఏముందో, బరువు ఎంతో రాయడం నియమం. నియమాలను అందరూ పాటిస్తారు. తూకం తాత ప్రేమిస్తాడు.

"పదకొండేళ్ళ కిందటి పుస్తకమా?" అన్నాడు. "ఉండక ఎక్కడికి పోతుంది కత్తెరమ్మా? నాలుగు గ్రాములు తేడా వస్తే ఎవరి చెవి పోయిందో వెతికే మనిషిని నేను. ఏ తేదీ?"

ఆమె చెప్పింది. ఆ తేదీ చెప్పడానికి ఆలోచించనవసరం లేదు.

ఆయన పుస్తకం తెచ్చి, దుమ్ము దులిపి, వేలు తడి చేసుకుని పేజీలు తిప్పాడు. "ఇదిగో. ఆ రోజు సెలవు. మీ గది నుంచి ఒకే ఒక్క సంచీ. కొవ్వు, పొరలు. రెండు వందల పన్నెండు గ్రాములు."

"మళ్ళీ చదువు."

"రెండు వందల పన్నెండు. నా రాత నాకు తెలీదా?"

"మిగతా రోజుల్లో? ఒక్క గుండే చేసిన రోజులుంటాయిగా, చూడు."

ఆయన చూశాడు. అరవై. డెబ్బై ఐదు. యాభై ఎనిమిది. ఒక భారీకాయుడైన వంటవాడిది నూట నలభై. అది తనకు గుర్తుందన్నాడు. మళ్ళీ యాభై, అరవై. ఆయన చదువుతూనే ఉన్నాడు. గాలి వస్తే పట్టుకోవలసిన మనిషి. వంటవాడి కంటే డెబ్బై రెండు గ్రాములు ఎక్కువ. కన్నీళ్ళ వల్ల ఆలస్యం కాలేదు. తీయవలసింది అంత ఉంది. చేతులకు తెలిసింది; మనసుకు చెప్పేవారు లేకపోయారు.

"ఏమిటమ్మా, అలా అయిపోయావు? తప్పు రాశానా?"

"లేదు తాతా. ఈ భవనంలో ఒప్పు రాసింది నువ్వొక్కడివే."

డాక్టరమ్మ ఆ అంకెను తన పుస్తకంలో రాసుకుంది. తరువాత ఒక్కొక్క మాటే తూచినట్టు చెప్పింది. "గుండెని అంటుకున్న కొవ్వూ, గుండె చుట్టూ ఉండే పొర మీదదీ కలిపి తూచారు. కాబట్టి ఏది ఎంతో చెప్పలేను. దీనివల్లే పోయారని కూడా చెప్పలేను. చెబితే అది మరో అబద్ధమవుతుంది. కానీ ఆ గుండె నార్మల్ అని రాసే హక్కు మాత్రం ఎవరికీ లేదు. చూడనిదాన్ని నార్మల్ అని ఎలా రాస్తారు?"

"ఆ మాట కాగితం మీద కావాలమ్మా. ఇవాళే కావాలి."

కాగితం విభాగాధిపతి ఇవ్వాలి. ఆయన మర్యాదస్తుడు, కుర్చీ చూపించాడు, మంచినీళ్ళు తెప్పించాడు, అంతా విన్నాడు, ఆ తరువాత కాదన్నాడు.

"ఒక్కటి తిరగరాస్తే మిగతావి ఊరుకుంటాయా? ఈ ముప్పై ఏళ్ళలో పది వేల రిపోర్టులు. రేపు పది వేల కుటుంబాలు గుమ్మంలో నిలబడితే ఏం చెబుతావు?"

"నిజం చెబుతానండి."

"చూడమ్మా, నీకింకా పదకొండు నెలలే సర్వీసు. గౌరవంగా వెళ్ళిపో. అయినా ఆ రోజుల్లో పద్ధతి అది. నీ తప్పేం లేదు."

"తప్పు నాదని ఒప్పుకోవడానికే వచ్చానండి. దాన్ని కూడా మీరు శుభ్రం చేసేస్తున్నారు."

మర్యాదస్తుడికి కోపం రావడం ఆ విభాగంలో ఎవరూ చూడలేదు. ఆ రోజు కూడా చూడలేదు. ఆయన కళ్ళు కిందికి దించుకుని ఫైలు తెరిచాడు. ఈ దేశంలో, మరే దేశంలోనైనా, ఆడమనిషి ఆయాసానికి దక్కే సమాధానం చివరికి ఇదే: ఎవరో ఒకరు ఫైలు తెరుచుకోవడం. కత్తెరమ్మ లేచింది. వరండాలో నలభై సీసాలూ ధగధగా మెరుస్తున్నాయి. ముప్పై ఒక్క ఏళ్ళలో మొదటిసారి ఆమె వాటివైపు చూడకుండా నడిచింది. స్టూలు మీద కూర్చుని, తెల్లకాగితం తీసుకుని, తనే రాసింది. ఫలానా తేదీన ఫలానా గుండెను తూచక ముందే దాని మీది, దాని చుట్టూ ఉన్న పొర మీది కొవ్వు రెండు వందల పన్నెండు గ్రాములు తానే తొలగించాననీ, దానిని ఏ డాక్టరూ చూడలేదనీ, ఆ కారణంగా ఆ రిపోర్టు అసంపూర్ణమనీ మూడు వాక్యాలు. కింద సంతకం పెట్టింది. పక్కన సాక్షిగా డాక్టరమ్మ సంతకం చేసింది. చేసేముందు తలుపు వైపు ఒకసారి చూసింది గానీ, చేసింది.

*

సాయంత్రం ఐదింటికి కత్తెరమ్మ వెళ్ళేసరికి మరిది ఇంటి గుమ్మం పక్కన కొత్త గుడ్డబూట్లు ఉన్నాయి. ఆడపిల్ల కొలత. లేసులు అప్పుడే ఎక్కించి, కట్టి, సిద్ధంగా పెట్టాడు.

"రండి వదినా, సమయానికొచ్చారు," అన్నాడు ఈల మాస్టారు. "మీ అమ్మాయికి ధైర్యం చెప్పండి. రేపటి మెట్ల పేరు చెబితే ఇవాళే చెమటలు పడుతున్నాయి."

"రేపు మెట్లు లేవు," అంది కత్తెరమ్మ. "ఆ కాగితం తీసుకురా."

"ఏ కాగితం?"

"నువ్వు పదకొండేళ్ళుగా పూజ చేస్తున్న కాగితం."

వంటగది గుమ్మంలోకి కూతురు వచ్చి నిలబడింది. ప్లాస్టిక్ కవరు బల్ల మీదికి వచ్చింది. దాని పక్కన కత్తెరమ్మ తన కాగితం పెట్టింది. ఈల మాస్టారు కళ్ళజోడు సవరించుకుని మూడు వాక్యాలూ చదివాడు. మళ్ళీ చదివాడు.

"ఇదేమిటి? ఏం రాశారు మీరు?"

"చదివావుగా. ఆ గుండె మీద ఉన్నదంతా నేను ఒలిచి పారేశాను. ఒలిచాక తూచారు, ఒలిచాక చూశారు. మా దగ్గర అందరి గుండెలకీ అంతే చేస్తాం. అది పారేసేది కాదని ఇవాళ పొద్దున తెలిసింది నాకు. ఎక్కువైతే గుండెని సడలనివ్వదట. మెట్లెక్కితే ఊపిరి అందదట. పిండే శాతం మాత్రం బాగుంటుందట."

"పుల్లకి కొవ్వా?" అన్నాడు. నవ్వబోయాడు, ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. "ఆవిడ ఒంట్లో చిటికెడు కండ లేదు వదినా. మీరే అనేవారుగా, గాలొస్తే…"

"అందరం అనేవాళ్ళం. ఎవరం చూడలేదు."

"అయితే దానివల్లే పోయిందంటారా?"

"అలా అనడానికి లేదు. తేల్చేదాన్ని నేనే పారేశాను. కానీ గుండెకేం లేదన్న మాట అబద్ధం. ఆయాసం అబద్ధం కాదు."

ఆయన కుర్చీ వీపును పట్టుకుని నిలబడ్డాడు. నలభై ఏళ్ళు పిల్లలను వరుసల్లో నిలబెట్టిన మనిషి. "ఎనభై నాలుగు," అన్నాడు మెల్లగా. "రోజుకి నాలుగుసార్లు. ఆగితే ఈల వేసేవాణ్ణి. ఆ రోజు కూడా… మూడోసారి ఆగింది. 'ఒక్క నిమిషమండీ' అంది. పైనుంచి వినపడింది నాకు. వినపడింది వదినా. ఈల వేశాను."

ఆయన చేయి మెడ దగ్గరికి వెళ్ళి, ఈలను పట్టుకుని, దాన్ని ఏం చేయాలో తెలియనట్టు అలాగే ఉండిపోయింది.

కూతురు బల్ల దగ్గరికి వచ్చింది. తండ్రి వైపు చూడలేదు. పెద్దమ్మ రాసిన కాగితం తీసుకుని నిలబడి చదివింది; చివరి వాక్యానికి వచ్చేసరికి ఊపిరి కోసం ఆగింది. మనసులో చదువుకుంటున్నా ఆగింది.

"నిన్న అద్దంలా ఉందన్నావు," అంది.

"అన్నాను."

"నువ్వు అన్నావు కాబట్టే మానేశాను పెద్దమ్మా. నాన్న మాటకి కాదు. నాన్న ప్రపంచంలో అందరికీ మెట్లే చెబుతాడు. నువ్వు చూశావు కాబట్టి నమ్మాను."

"అవునే."

"అమ్మ ఏం చెప్పినా మనం నమ్మలేదు. నువ్వు చెబితే మాత్రం నమ్మాం. నీ చేతిలో కత్తెర ఉంది కాబట్టి."

తిట్టినా బాగుండేదనుకుంది కత్తెరమ్మ. ఆ పిల్ల వంటగదిలోకి వెళ్ళింది. డబ్బా జరిపిన చప్పుడైంది. తిరిగి వచ్చి మడత విప్పిన చీటీని బల్ల మీద పెట్టి, అరచేత్తో రెండుమూడుసార్లు సాపు చేసింది.

"గురువారం పదింటికి. నువ్వే రావాలి నాతో. కంటితో చూడు ఈసారి."

*

స్కాను గదికి పక్కన అద్దం వెనక ఒక చిన్న గది. డాక్టరమ్మ ముందే మాట్లాడి ఉంచింది. కత్తెరమ్మను ఆ తెర ముందు కూర్చోనిచ్చారు. వరండాలో బెంచీ మీద ఈల మాస్టారు ఉన్నాడు. మెడ బోసిగా ఉంది. ఆయనను చూసిన నర్సు ఒకామె తన చిన్నప్పటి మాస్టారని గుర్తుపట్టి, "ఈల ఏది సార్?" అని నవ్వుతూ అడిగింది. ఆయన చొక్కా పై గుండీ పెట్టుకున్నాడు.

అద్దం అవతల సొరంగంలాంటి యంత్రంలో చెల్లెలి కూతురు పడుకుని ఉంది. ఊపిరి బిగబట్టమని మైకులో చెప్పినప్పుడల్లా ఆమె కాలి వేళ్ళు ముడుచుకుంటున్నాయి. తెర మీద మొదట బూడిదరంగు మచ్చలు. తరువాత, ఒక్కసారిగా, గుండె.

కత్తెరమ్మ చేతుల మీదుగా కొన్ని వేల గుండెలు వెళ్ళాయి. కదులుతున్న గుండెను చూడటం ఆమెకు అదే మొదలు. పిండుకుంటోంది, బలంగా, చక్కగా పిండుకుంటోంది. విప్పుకునేటప్పుడు మాత్రం ఏదో అడ్డుపడినట్టు, అనుమతి అడిగి విప్పుకుంటున్నట్టు ఉంది. దాని చుట్టూ, కుడిపక్క మందంగా, కిందుగా ఇంకా మందంగా, తెల్లగా వెలుగుతున్న పట్టీ ఒకటి. గుండెతోపాటే ఊగుతోంది.

"అదేనమ్మా," అంది డాక్టరమ్మ.

"అది నాకు చెప్పాలా?" అంది కత్తెరమ్మ. "ఎక్కువేనా?"

"ఎక్కువే. ఈ వయసుకి చాలా ఎక్కువ. నిండటం కూడా ఆలస్యమవుతోంది, చూశారుగా. భయపడకండి, ఇది తగ్గించొచ్చు. మందులున్నాయి, తిండి ఉంది. నడక కూడా ఉంటుంది, మనం కొలిచి చెప్పినంత. ఈల లేకుండా."

కత్తెరమ్మ వినలేదు. ఆ తెల్లని పట్టీని చూస్తోంది. ముప్పై ఒక్క ఏళ్ళపాటు ప్రతిరోజూ వేళ్ళతో పట్టుకుని, ఒక్కసారైనా చూడని వస్తువు. ఒళ్ళో ఉన్న ఆమె కుడిచేతి బొటనవేలూ మధ్యవేలూ వాటంతటవే కత్తెర పిడిలో దూరినట్టు వంగి, దగ్గరకు వచ్చి, విడిపోయాయి. మళ్ళీ దగ్గరకు వచ్చాయి. ఆమె ఎడమచేత్తో ఆ చేతిని గట్టిగా పట్టుకుంది.

మైకులో ఎవరో, "అయిపోయిందమ్మా, ఇక ఊపిరి తీసుకోండి," అన్నారు. అద్దం అవతల ముడుచుకున్న కాలివేళ్ళు విచ్చుకున్నాయి.